మారిషస్ యాత్ర: ఆఖరి రెండు రోజులు

గత రెండు సంచికలలో మా సంఘం వారి మారిషస్ యాత్రను గురించి ఈ శీర్షికలో వ్రాశాను. గంగా తలావు ఒడ్డున నిలిచిన 108 అడుగుల మంగళ మహాదేవుణ్ణీ, షామరెల్‌లోని ఏడు రంగుల మట్టినీ, పాంప్లమూస్ తోటలో పళ్ళాల మాదిరిగా నీటిమీద పరచుకున్న పెద్ద పెద్ద కలువాకులనూ పాఠకులు మాతోపాటు చూచారు. ఇక మిగిలినవి ఆఖరి రెండు రోజులు. "ఆ రెండు రోజుల్లో వ్రాయటానికేముందండీ, పెట్టెలు సర్దుకోవటమేగా?" అని మా కార్యదర్శిగారు నవ్వారు. చాలా యాత్రల్లో ఆఖరి రోజులంటే పెట్టెలూ, కొట్లూ, విమానాశ్రయమూ అన్నమాట నిజమే. కాని మా యాత్రలో పదికాలాలపాటు చెప్పుకోదగిన సంగతి ఆ రెండు రోజుల్లోనే జరిగింది. అది కూడా కాస్తలో తప్పిపోయేది. అందుకని ఈ మాసం శీర్షికను పూర్తిగా దానికే కేటాయిస్తున్నాను.

గుంపుగా యాత్రకు వెళ్ళినవారందరికీ ఇది అనుభవమే. మొదటి రోజు బస్సులో కిటికీ పక్క సీటు దగ్గర "మీరు కూర్చోండి", "అబ్బే, ముందు మీరు" అని మర్యాదలు సాగుతాయి. ఆరవ రోజుకు అదే సీటుమీద తెల్లవారకముందే చేతిరుమాళ్ళు పడతాయి. మొదటి రోజున మా ఇరవై ఆరుగురమూ చెప్పిన వేళకు ఐదు నిమిషాల ముందే కిందికి దిగి నిలబడ్డాం. ఆరవ రోజున ఎనిమిదింటికి బయలుదేరవలసిన బస్సు తొమ్మిదింబావుకు కదిలింది. ఒకరికి మోకాళ్ళ నొప్పి, ఒకరికి ఎండకు కమిలిన వీపు, ఒకరికి హోటలు తిండి పడక కడుపులో బాధ. ఇంటినుంచి తెచ్చుకున్న ఆవకాయ సీసా అడుగంటింది. ఎవరి దగ్గర కందిపొడి మిగిలిందో వాకబు చేసి మరీ వారి బల్ల దగ్గర కూర్చోవటం మొదలయింది. చేతిలో డబ్బు తగ్గుతుంది, కాళ్ళలో సత్తువ తగ్గుతుంది, ఈ రెండింటికంటె ముందు ఓపిక తగ్గుతుంది. సరిగ్గా అప్పుడే, మిగిలిన ఒక్క రోజులో ఏది చూడాలి, ఏది వదిలెయ్యాలి అనే ప్రశ్న వచ్చి పడుతుంది.

గురువారం మా ఆరవ రోజు. ద్వీపానికి తూర్పు తీరాన త్రూ దో దూస్ అనే పల్లె ఉంది. అక్కడ పడవ ఎక్కి ఇల్ ఓ సెర్ఫ్ అనే చిన్న దీవికి వెళ్ళాం. జింకల దీవి అని ఆ పేరుకు అర్థం. తెల్లని ఇసుక, అడుగు కనిపించే నీళ్ళు. పడుచువాళ్ళు మరపడవకు తాడుతో కట్టిన పెద్ద గొడుగు పట్టుకొని ఆకాశంలోకి లేచి కేరింతలు కొట్టారు. పెద్దవాళ్ళు సరుగుడు చెట్ల నీడలో చాపలు పరుచుకున్నారు. మాలో ఒకావిడ పగడపు తునకలు ఏరి కొంగున కట్టుకొంటే, పడవవాడు చూచి, అవి సముద్రానివే, దేశం దాటించకూడదు అని మెల్లగా చెప్పాడు. ఆవిడ కొంగు విప్పి నీళ్ళలో దులిపేశారు. సాయంకాలం గ్రాండ్ బే ఊళ్ళోని మా హోటలుకు వచ్చేసరికి అందరూ వాడిన తోటకూర కాడల్లా ఉన్నారు.

భోజనాలయ్యాక యాత్ర నడిపే కుర్రవాడు మరునాటి సంగతి చెప్పటానికి అందరినీ వసారాలో కూర్చోబెట్టాడు. అచ్చువేసి ఇచ్చిన కార్యక్రమంలో ఏడవ రోజుకు ఎదురుగా "పోర్ట్ లూయీ, షాపింగు" అని మాత్రమే ఉంది. పోర్ట్ లూయీ ఆ దేశానికి రాజధాని. తొమ్మిదిన్నరకు బయలుదేరటం, రేవు పక్కనున్న కోదాన్ అనే అంగళ్ళ సముదాయంలో నాలుగు గంటలు, తరువాత పాత బజారులో రెండు గంటలు, తిరిగి హోటలు. శనివారం విమానం.

అప్పుడు మా తాతగారు చెయ్యి ఎత్తారు. గుంపులో అందరూ ఆయన్ను తాతగారనే పిలిచేవారు. ఆయనకు 81 ఏళ్ళు. తండ్రి నిజాం రాజ్యంలోని కరీంనగరం జిల్లానుంచి బొంబాయి వచ్చి బట్టల మిల్లులో చేరారు. ఈయన కూడా మిల్లులోనే మగ్గాల ఖాతాలో పనిచేసి, 1982లో మొదలయిన పెద్ద సమ్మెలో పని పోయాక, పరేలులో చిన్న కిరాణా కొట్టు పెట్టుకొని పిల్లలను పైకి తెచ్చారు.

"రేపు కూలీల ఘాటుకు ఎన్నింటికి పోతున్నం?" అన్నారు.

"తాతగారూ, అది మన కార్యక్రమంలో లేదండీ."

"నేను వచ్చిందే దానికి గద బాబూ!"

1990లో మూడవ ప్రపంచ తెలుగు మహాసభలు మారిషస్‌లో జరిగినప్పుడు ఆయన మిత్రుడొకరు వెళ్ళివచ్చి ఆ చోటు గురించి చెప్పారట. అప్పటినుంచి ఆయన మనసులో అది ఉండిపోయింది. మొదటి ఆరు రోజుల్లో ఎక్కడా రాకపోతే, ఆఖరున ఉంటుందిలే అనుకొని ఊరుకున్నారు.

వసారాలో ఒక్కసారిగా మాటలు పెరిగాయి. మా వీధిలోనే ఉండే ఒక వదినగారు తన సంచిలోనుంచి ఒక చీటీ తీసి నాకు చూపించారు. అందులో 31 పేర్లున్నాయి. "చూడండన్నయ్యగారూ! పిల్లల్ని వారం రోజులుగా చూచుకుంటున్న అత్తగారు, మందులు తెచ్చిపెట్టే పక్కింటి అబ్బాయి, నాకు సెలవిచ్చిన బడి పెద్దపంతులమ్మగారు. వీళ్ళందరికీ ఉత్తచేతులు చూపించనా? నేను విదేశం రావటం ఇదే మొదలు, బహుశా ఇదే ఆఖరు కూడా" అన్నారు. ఆవిడ మాటలో తప్పేమీ లేదు. మన ఇళ్ళలో ఒకరు ఊరు వెళ్ళాలంటే పదిమంది భుజం పట్టాలి. ఆ పదిమందినీ మరిచిపోయి వచ్చేవాణ్ణి ఎవరూ మెచ్చరు.

మరొకాయన, బ్యాంకులో పనిచేసి విశ్రాంతి తీసుకొంటున్నవారు, వేరొక మాట అన్నారు. "విహారయాత్రకు వచ్చాం. ఆ కూలీల కష్టాలూ కన్నీళ్ళూ చూచి, బరువైన మనసుతో ఇంటికి వెళ్ళటం దేనికి?" ఇది కూడా కొట్టివేయదగిన మాట కాదు. చాలామంది తలలూపారు.

తాతగారు కోపం తెచ్చుకోలేదు. "ఏడవనీకి కాదు బిడ్డా. వాళ్ళు దిగినకాడ ఒక్కసారి నిలబడాలె, అంతే. మా నాయన దిగినకాడ నిలబడదామంటే, బోరీబందరుల ఏ ప్లాటుఫారమో నాకు తెల్వదు" అన్నారు.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పటిదాకా మెట్టుమీద కూర్చొని టీ త్రాగుతున్న మా బస్సు డ్రైవరు కల్పించుకొన్నాడు. అతని పూర్వులు మరాఠీవారు. బొంబాయి రేవునుంచే వచ్చారట. మేము ముంబయివాళ్ళమని తెలిసినప్పటినుంచి మామీద అతనికి ఒక అభిమానం. "పాత బజారుకూ ఘాటుకూ మధ్య పది నిమిషాల నడక. పొద్దున్నే రెండు గంటలు ముందు బయలుదేరితే రెండూ అవుతాయి" అని తేల్చి చెప్పాడు. వారం రోజులుగా ఆ ఊరి పటం మా అందరి చేతుల్లోనూ ఉంది. ఈ చిన్న సంగతి మాలో ఎవరికీ తట్టలేదు! చివరికి, ఏడున్నరకు బయలుదేరాలనీ, చల్లపూట ఘాటు చూడాలనీ, పదకొండుకల్లా బజారులో ఉండాలనీ, మధ్యాహ్న భోజనం మాత్రం ఆలస్యం కాకూడదనీ నిర్ణయమయింది. ఆఖరి షరతు బ్యాంకు ఆయనది.

శుక్రవారం ఉదయం బస్సులో తాతగారికి కిటికీ పక్క సీటు ఇచ్చారు. చేతిరుమాలు తీసి ఇచ్చినది వదినగారే.

ఇప్పుడు ఆ చోటును గురించి కొంచెం చెప్పాలి. మారిషస్‌లో బానిసత్వం 1835 ఫిబ్రవరి 1న రద్దయింది. అంతవరకు ఆఫ్రికానుంచీ, మడగాస్కరునుంచీ తెచ్చిన బానిసలచేత చెరకు తోటల్లో పని చేయించేవారు. పారిపోయిన బానిసలు తలదాచుకొన్న లె మోర్న్ కొండను మేము నాలుగవ రోజున దూరంనుంచి చూచాం. ఆ పని చేయటానికి మనుషులు కావాలని తోటల యజమానులు ముందుగానే మన దేశంవైపు చూచారు. 1834 నవంబరు 2న అట్లాస్ అనే ఓడలో 36 మంది కూలీలు కలకత్తానుంచి వచ్చి దిగారు. ఒప్పందం ఐదు సంవత్సరాలు, జీతం నెలకు ఐదు రూపాయలు. అది మొదలు 1920 వరకు దాదాపు ఐదు లక్షలమంది మనవాళ్ళు ఆ దేశంలో దిగారు. ఎక్కువమంది కలకత్తా రేవునుంచి, తరువాత మద్రాసునుంచి, ఇంకా తక్కువగా బొంబాయినుంచి వచ్చారు. మారిషస్‌లో ఫలితం చూచాకనే ఇతర దేశాల తోటలకు కూడా ఇదే పద్ధతిలో కూలీలను పంపారు.

తెలుగువారు ముఖ్యంగా గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాలవారు. యానానికి దగ్గరలోనే ఉన్న కోరంగి ఆ రోజుల్లో పేరుమోసిన ఓడరేవు. అక్కడినుంచి వెళ్ళినందువల్ల మారిషస్‌లో తెలుగువారికి కోరంగీలని పేరు వచ్చింది. బర్మాలోనూ మనవారికి అదే పేరు. రేవు ఇసుకమేటలు వేసి మూతపడింది కాని, దాని పేరు సముద్రాల ఆవల నిలిచింది.

పోర్ట్ లూయీలో కూలీలను దింపుకొని ఉంచే ఆవరణను 1849లో కట్టారు. కూలీ ఘాట్ అని పాత పేరు. ఇప్పుడు ఆప్రవాసి ఘాట్ అంటున్నారు. 2006లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలాల్లో చేర్చింది. పెద్ద కోట గోడలూ, శిల్పాలూ ఉంటాయనుకొని వెళ్ళినవారికి నిరాశే. మొత్తం స్థలం 1,640 చదరపు మీటర్లు, అంటే అరెకరంకూడా లేదు. నల్లరాతి గోడలు, ఆసుపత్రి గదులు, వంటశాల ఆనవాళ్ళు, మరుగుదొడ్ల గుర్తులు, పక్కనే పెద్దరోడ్డుమీద బస్సుల రొద. వాటి మధ్య రేవునుంచి పైకి వచ్చే పదహారు మెట్లు. ఓడ దిగిన ప్రతి మనిషీ ఎక్కిన మెట్లు అవి. లోపలికి వచ్చాక రెండు మూడు రోజులు ఉంచి, కాగితాలు పూర్తిచేసి, తోటలకు పంచి పంపేవారు.

ఆ ప్రక్కనే బీక్రంసింగ్ రామలల్లా పేరుమీద 2014లో తెరిచిన ప్రదర్శనశాల ఉంది. ఓడ ప్రయాణం, ఒప్పందాలు, తోటలో బ్రతుకు అన్నీ వరుసగా చూపిస్తారు. ప్రవేశ రుసుము లేదు. ఆదివారాలు మూసివేస్తారు కనుక, వెళ్ళదలచినవారు రోజు చూచుకొని వెళ్ళాలి. ఒక రోజు పనికి రాకపోతే రెండు రోజుల కూలి కోసేవారని అక్కడే తెలుసుకొన్నాం. తోట దాటి తిరగాలంటే చేతిలో పాసు ఉండాలి. అది లేకుండా దొరికినవాణ్ణి దేశదిమ్మరి క్రింద జైలులో వేసేవారు. 1860ల తరువాత కూలీల ఫోటోలు కూడా తీసి పెట్టుకొన్నారు. ఆ ఫోటోలలో ఒకరూ నవ్వరు. చిన్నపిల్లలు సైతం కొయ్యబొమ్మల్లా నిలబడి ఉంటారు.

మాకు ఆ చోటంతా తిప్పి చూపినది పాతికేళ్ళ అమ్మాయి. మా మాటలు విని, తన ఇంటివారు కూడా తెలుగువారేనని ఆమెయే చెప్పింది. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగు బడిలో కొన్ని సంవత్సరాలు చదువుకొన్నా మాట్లాడటం రాదు. మాతో ఇంగ్లీషులోనూ, కొంచెం హిందీలోనూ మాట్లాడింది. అయినా "అమ్మోరు" అన్న మాట ఆమె నోట స్పష్టంగా పలికింది. ఏటా అమ్మోరు పండుగ చేస్తారట, సింహాద్రి అప్పన్నకు పూజ చేస్తారట, రామభజనానికి ఊరంతా చేరతారట. ఉగాదికి ఆ దేశంలో అందరికీ సెలవు. అది విని కొందరం ఒకరి ముఖాలొకరం చూచుకొన్నాం.

ఎవరో అడిగారు, మీవాళ్ళు ఎప్పుడు వచ్చారమ్మా అని. ఆ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది. ఆమెకు ఐదు తరాల వెనుక వచ్చిన ఆయన పేరు, ఆయన తండ్రి పేరు, ఓడ పేరు, సంవత్సరం, ఆయనకిచ్చిన నంబరు, ఏ తోటకు పంపారో, చివరికి కుడి ముంజేతిమీద ఉన్న కాలిన మచ్చతో సహా! ఇదంతా ఎలా తెలుసంటే, దిగిన ప్రతివాని వివరాలూ ప్రభుత్వంవారు రిజిస్టర్లలో వ్రాసి పెట్టారు. ఎత్తు, వయస్సు, ఊరు, జిల్లా, కులం, ఒంటిమీది గుర్తులు, అన్నీ. ఆ రిజిస్టర్లు మోకా అనే ఊళ్ళోని మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. వారసులు వెళ్ళి అడిగితే వెతికి నకలు ఇస్తారు. వ్రాసినవారు ప్రేమతో వ్రాయలేదు. పారిపోతే పట్టుకోవటానికి వ్రాశారు. కాని ఇప్పుడు ఆ వ్రాతే ఆ కుటుంబాలకు ఆస్తి. 2024 మార్చిలో మన రాష్ట్రపతి మారిషస్ వెళ్ళినప్పుడు, అక్కడి భారత సంతతివారికి ఏడవ తరం దాకా ప్రవాస భారత పౌరుల కార్డు ఇవ్వగలమని ప్రకటించారు. తాతముత్తాతల సంగతి కాగితంమీద చూపగలిగినవారికి అటువంటప్పుడు ఎంత సులువో చెప్పనక్కరలేదు.

చెప్పటం పూర్తిచేసి ఆ అమ్మాయి చిరునవ్వుతో అడిగింది. "మీరంతా ముంబయిలో ఉంటున్న తెలుగువారు కదా. మీది ఎన్నవ తరం? మొదట వచ్చినవారు ఏ సంవత్సరంలో వచ్చారు?"

ఇరవై ఆరుగురం ఉన్నాం. ఒకరు మూడవ తరమన్నారు, వారి శ్రీమతి కాదు, నాలుగవదన్నారు. ఒకరు "స్వాతంత్ర్యానికి ముందు" అన్నారు. ఒకరు "ఫ్లేగు వచ్చిన రోజుల్లో" అని తండ్రి అనేవారన్నారు. ఊరి పేరు చెప్పగలిగినవారు పదిమంది, సంవత్సరం చెప్పగలిగినవారు ఇద్దరు. కామాటిపుర అనే పేట పేరే మన కూలివారివల్ల వచ్చినదని సభలలో గొప్పగా చెప్పుకొంటాం. ముంబయిలో మేడలు కట్టిన చేతులూ, మిల్లుల్లో నూలు వడికిన చేతులూ ఎన్నో మనవి. కాని మన వాళ్ళు రైలు దిగితే ఎవరూ రిజిస్టరులో వ్రాయలేదు. వ్రాయనక్కరలేకపోయింది, స్వేచ్ఛగా వచ్చారు కనుక. మరి మనమైనా వ్రాసుకొన్నామా?

తాతగారు మెట్ల దగ్గర నిలబడి ఒక్కొక్కటే లెక్కపెట్టారు. నమస్కారం చేశారో లేదో నేను గమనించలేదు. తిరిగి వచ్చి, ఆ అమ్మాయి తలమీద చెయ్యి వేసి, "నీకు నీ ముత్తాత మచ్చ కూడ తెలుసు బిడ్డా, నాకు మా తాత మొఖమే తెల్వదు" అన్నారు. ఆమెకు మాట అర్థమయిందో లేదో కాని, వంగి ఆయన పాదాలు తాకింది.

బ్యాంకు ఆయన తన మాట మార్చుకొన్నానని చెప్పలేదు. "నేననుకొన్నంత బరువుగా లేదు" అని మాత్రం అన్నారు. వదినగారు మోకాళ్ళ నొప్పితో ఆవరణలో నీడన కూర్చొన్నారు. అక్కడినుంచే అన్నీ విన్నారు.

పదకొండుకు ఐదు నిమిషాలు ముందే పాత బజారులో ఉన్నాం. ఆ బజారు చూడగానే అందరికీ ప్రాణం లేచి వచ్చింది. పనసకాయలు, బీరకాయలు, కొత్తిమీర, మునగాకు! గాతో పిమా అని గొప్ప ఫ్రెంచి పేరు పెట్టి వేయిస్తున్నది ఏమిటా అని చూస్తే, మన మసాలా వడకు తోబుట్టువు. దాల్ పూరీ అనేది పప్పు కూరిన పలుచని రొట్టె. దానిలో చిక్కుడుగింజల కూర, పచ్చడి పెట్టి చుట్టి కాగితంలో ఇస్తారు. తాతముత్తాతలు మూటలో కట్టుకొని వెళ్ళిన వంటలు అక్కడ ఇప్పుడు దేశమంతటి వంటలైనాయి. మధ్యాహ్న భోజనం అక్కడే నిలబడి తిన్నాం. బ్యాంకు ఆయన మూడు దాల్ పూరీలు తిని, వేళకు భోజనం పెట్టారని మెచ్చుకొన్నారు.

వదినగారి 31 పేర్లకు రెండు గంటలు చాలాయి. పెద్ద అంగళ్ళలో నాలుగు గంటలు తిరిగితే ఎన్ని చూచేవారో గాని, ఇన్ని కొనేవారు కాదు. తేయాకు పొట్లాలు, వెనీలా కాయలు, చక్కెర, డోడో బొమ్మలు. డోడో అనేది ఆ దీవిలోనే ఉండి 17వ శతాబ్దంలో అంతరించిపోయిన పక్షి. ఎగరలేక, పారిపోవటం తెలియక నశించింది. ఇప్పుడు మాత్రం ప్రతి కొట్టులోనూ బొమ్మయి కూర్చొంది. బేరం ముగించి సంచి నాకందిస్తూ వదినగారు, "మా అత్తగారు షోలాపూరునుంచి ముంబయికి ఏ యేడు వచ్చారో, వెళ్ళగానే అడగాలి. ఆవిడకు ఇప్పటికే మరుపు వస్తోంది" అన్నారు.

ఆ రాత్రి పెట్టెలు సర్దటంలో నేర్చుకొన్న సంగతులు కొన్ని, ముందుముందు వెళ్ళేవారికి పనికివస్తాయని వ్రాస్తున్నాను. తూకపు కొక్కెం ఒకటి గుంపుకంతటికీ కలిపి తీసుకువెళ్ళండి. విమానాశ్రయంలో పెట్టె విప్పి పచ్చడి సీసాలు బయటపెట్టే అవమానం తప్పుతుంది. డ్రైవరుకూ, వంటవారికీ ఇవ్వదలచినది ఆఖరి రోజుకు ముందు రాత్రే వసూలు చేసి కవరులో పెట్టండి. బస్సు దిగే హడావిడిలో జేబులు తడుముకొంటే ఇచ్చినదానికి విలువ ఉండదు. రక్తపోటు, చక్కెర మాత్రలు ప్రయాణపు రోజులకంటె నాలుగు రోజులకు ఎక్కువగా తెచ్చుకొని, చేతి సంచిలోనే ఉంచండి. ఆ దేశపు చిల్లర నాణేలు ఇక్కడ ఎవరూ మార్చరు. అక్కడే టీకో, పండ్లకో ఖర్చుపెట్టండి. అన్నిటికంటె ముఖ్యం, అచ్చువేసిన కార్యక్రమం చేతికి వచ్చిన రోజునే చదవండి. మీరు దేనికోసం వెళ్తున్నారో అది అందులో లేకపోతే బయలుదేరకముందే అడగండి. ఆఖరి రోజున అడిగితే మాకు దొరికినట్లు దారి చెప్పే డ్రైవరు అందరికీ దొరకడు.

శనివారం విమానంలో ఆరు గంటల ప్రయాణం. గడియారాలు గంటన్నర ముందుకు తిప్పుకొన్నాం. సగంమంది నిద్రపోయారు. తాతగారి పక్క సీటు మా గుంపులోని ఒక కాలేజీ అమ్మాయికి వచ్చింది. వారం రోజులుగా చెవుల్లో పాటల తీగలు పెట్టుకొని, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడని పిల్ల. ఆమె సంచిలోనుంచి కార్యక్రమం కాగితం తీసి, వెనుక తెల్లగా ఉన్న వైపు ఆయన చెప్తుంటే వ్రాయటం నేను చూచాను. తెలుగు అక్షరాలు సరిగా రావని ఇంగ్లీషు అక్షరాలతోనే వ్రాసింది. ఊరి పేరు, తండ్రితోపాటు బయలుదేరిన ఇద్దరి పేర్లు, మొదట పడుకొన్న గది ఏ చాళులోనిది, వంట చేసిపెట్టిన ఆవిడ పేరు. సంవత్సరం దగ్గర ఆయన చాలాసేపు ఆలోచించారు. తన అక్క పుట్టిన ఏడాది పెద్ద వాన వచ్చిందనీ, ఆ మరుసటి ఎండాకాలం వచ్చారనీ చెప్తే, ఆ పిల్ల అక్కగారి వయస్సు అడిగి లెక్క కట్టింది. దిగేలోపల కాగితం నిండింది.

అందుచేత పాఠకులకు ఈ మాసం ఒక పని అప్పగిస్తున్నాను. మన పత్రిక చదివే కుటుంబాలు ముంబయి, షోలాపూరు, బరంపురం, బెంగుళూరు, చెన్నపట్నం, యానాం ఇలా ఎన్నో చోట్ల ఉన్నాయి. ప్రతి ఇంటికీ మొదట వచ్చిన మనిషి ఒకడున్నాడు, లేక ఒకతె ఉన్నది. వారిని గురించి ఒక్క కాగితం వ్రాయండి. పేరు, తండ్రి పేరు, విడిచి వచ్చిన ఊరు, వచ్చిన సంవత్సరం, ఎందుకు వచ్చారు, ఏ దారిన వచ్చారు, మొదట చేసిన పని, మొదట తలదాచుకొన్న ఇల్లు, ఆదుకొన్నవారెవరు, ఊళ్ళో వదిలివచ్చినవారెవరు. సంవత్సరం సరిగా తెలియకపోతే ఆ పిల్ల చేసినట్లు, ఏ పెండ్లికి ముందో, ఏ వరదకు తరువాతో చూచి లెక్క కట్టండి. తెలుగు వ్రాయటం రాని పిల్లలు తమకు వచ్చిన లిపిలోనే వ్రాయవచ్చు. తెలుగులోకి ఎత్తి వ్రాసే పని మేము చూచుకొంటాం.

అడిగితే చెప్పగలవారు ప్రతి ఇంట్లోనూ ఒకరో ఇద్దరో మిగిలి ఉన్నారు. సెలవులకు ఎక్కడికి వెళ్ళినా, తిరిగి వచ్చిన మరునాడే వారి దగ్గర ఒక గంట కూర్చోండి. కాగితాలు ఉగాది సంచిక పని మొదలు కాకముందే సంఘ కార్యాలయానికి అందేటట్లు పంపగోరుతాను. తాతగారి కాగితం ఇప్పటికే వచ్చింది. వదినగారిది వారం లోపల ఇస్తానన్నారు.